వెల లేకుండ చూచిన నీళ్లు

నయాగరా జలపాతమును చూచుటకు రుసుము లేదు. ఈ సంగతి అక్కడికి వెళ్లువరకు మాకు తెలియదు. అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రములో, బఫెలో పట్టణమునకు సమీపమున మా మేనల్లుడు కాపురమున్నాడు. వేసవిలో మేమిద్దరము వారియింటికి వెళ్లియుండగా, ఒక శనివారము ఉదయమున మమ్మును కారులో ఎక్కించుకొని పోయెను. కారు దిగినది మొదలు మా యింటివారు చేతిసంచిలో డబ్బు పట్టుకొని, "గేటు ఎక్కడ? టిక్కెట్లు ఎక్కడ ఇస్తారు?" అని అడుగుచునే యున్నారు. గేటు లేదు. కారు నిలుపుటకు వేరుగా కట్టవలెను. పడవలో జలపాతపు పాదము వద్దకు పోగోరువారు టిక్కెట్టు కొనవలెను. అయితే కాళ్లు కలిగి నడువగలవానిని ఎవరును ఆపరు, ఏమియు అడుగరు. ఆమె సంచి మూసికొని, "అయితే ఇది దేవుని సొమ్మేనన్న మాట" అనెను.

మన పల్నాటిలోని యెత్తిపోతలను చదువరులలో అనేకులు చూచియుందురు. అది సుమారు 70 అడుగుల ఎత్తునుండి దుముకును. నయాగరా ఎత్తు దానికి రెండింతలకు మించినది మాత్రమే. ఎత్తులో దానిని మించినవి లోకములో అనేకములున్నవి. మనిషిని నిలువబెట్టునది ఆ నీటి రాశి. ఈరీ సరస్సునుండి బయలుదేరి అంటారియో సరస్సుకు పోవు నది యంతయు ఒక్కచోట తన నేలను పోగొట్టుకొని పడుచున్నట్టుండును. పడుటకు ముందు ఆ నీరు ఆకుపచ్చని గాజువలె వంగును. ఆ వంపు మేము నిలిచిన గట్టుకు కొన్ని అడుగుల దూరమున నుండెను. తుంపురులు మొగముమీద పడుచుండెను. చుట్టును అనేక దేశముల మనుష్యులు; పది అడుగులకొకసారి తెలుగు కూడ వినబడెను. మన పిల్లలు ఆ దేశములో ఉద్యోగములకు చేరిన తరువాత, చూడవచ్చిన తల్లిదండ్రులను మొదట తీసికొనిపోవు స్థలము అదేనట.

నది మధ్య ఒక లంక యున్నది. దానిని మేకలలంక అందురు. పదునెనిమిదవ శతాబ్దములో ఒకడు తన మేకలను అక్కడ విడిచిపెట్టగా, కఠినమైన చలికాలములో ఒక్కటి తప్ప అన్నియు చచ్చెనని చెప్పుదురు. ఇప్పుడు ఆ లంకలో చెట్ల నీడను కాలిబాటలున్నవి. అక్కడనుండి చిన్న వంతెనలమీదుగా ముగ్గురు అక్కచెల్లెండ్రు అను మూడు తిప్పలకు పోవచ్చును. అక్కడ జలపాతము కనబడదు. రాళ్లమీద ఉరుకులాడుచు దానివైపు పరుగెత్తు నీరు మాత్రము కనబడును. మాకు జలపాతముకంటె ఆ స్థలమే ఎక్కువ నచ్చినది. పడబోవుచున్నానని యెరుగని నీటిని చూచుచు చాలసేపు కూర్చుంటిమి.

ఆ బాటలను అట్లుంచవలెనని ఆలోచించినవాడు ఓల్మ్‌స్టెడ్ అను తోటల నిర్మాత. ఆయన మాట నిలుచుటకు ముందు సంగతి వేరు. పందొమ్మిదవ శతాబ్దములో అమెరికా వైపు గట్టు యావత్తు సొంతదారుల చేతిలో నుండెను. మిల్లులును ఫ్యాక్టరీలును ఒడ్డును క్రమ్మియుండెను. సొంతదారులు కంచెలు వేసి, ఆ కంచెకు కన్నములు పెట్టి, ఆ కన్నముగుండ జలపాతమును చూచుటకు డబ్బు పుచ్చుకొనుచుండిరి. చదువరులారా, ఒక్కసారి ఆలోచించుడి: దేవుడు దొర్లించిన నీటిని కన్నములో కన్నుపెట్టి చూచుటకు కాసు! కొందరు పెద్దలు దీనికి సిగ్గుపడి ఏండ్ల తరబడి పోరాడిరి. 1883లో రాష్ట్ర గవర్నరు గ్రోవర్ క్లీవ్‌లాండు చట్టముమీద సంతకము చేసెను. సొంతదారులకు సొమ్ము చెల్లించి, భూమిని కొని, కట్టడములను పడగొట్టి, 1885 జూలై 15న ఆ స్థలమును ప్రజలందరికి తెరచిరి. పూలపాన్పులును విగ్రహములును జలపాతమునుండి మనుష్యుని కన్ను త్రిప్పునని ఓల్మ్‌స్టెడ్ వాటిని వద్దనెను. చెట్లు, గడ్డి, నడుచుటకు బాట చాలుననెను. సొమ్ము లేనివారు వచ్చి నీళ్లు కొనుక్కొనవలెనను యెషయా 55వ అధ్యాయపు ఆహ్వానమును ఆ గట్టుమీద మేము తలంచితిమి. మా మనస్సు నిండెను. ఇంటికి వ్రాయవలసిన ఉత్తరము అక్కడితో ముగిసియుండిన బాగుండెడిది.

చీకటి పడిన తరువాత జలపాతముమీద రంగుల దీపములు వేయుదురు. దానికొరకు నిలిచితిమి. పది గంటలు కావచ్చినప్పుడు మేనల్లుడు, "ఇక పోదాం మామయ్యా, నీళ్లు తగ్గించే వేళయింది" అనెను. మేము నవ్వులాటయనుకొంటిమి. కాదట. 1950లో అమెరికా కెనడా దేశములు ఒక ఒడంబడిక చేసికొనినవి. ఆ నది సహజ ప్రవాహము సుమారు 2 లక్షల క్యూసెక్కులు. చూడవచ్చువారి కొరకు ఏప్రిల్ 1 మొదలు సెప్టెంబరు 15 వరకు ఉదయము 8 గంటలనుండి రాత్రి 10 గంటలవరకు జలపాతముమీద లక్ష క్యూసెక్కులకు తగ్గకుండ పోనీయవలెను. తరువాత అక్టోబరు నెలాఖరువరకు ఆ గడువు రాత్రి 8 గంటలకే ముగియును. మిగిలిన వేళలయందును చలికాలమందును 50 వేల క్యూసెక్కులు చాలును. కడమ నీటినంతటిని విద్యుచ్ఛక్తి కొరకు మళ్లించుకొనవచ్చును. సాగరు గేట్లు ఎత్తుట దించుట ఎరిగిన మనవారికి ఈ లెక్క వేరుగా వివరింపనక్కరలేదు.

అతని చిన్న కుమార్తెకు ఏడేండ్లు. "మరి ఆ నీళ్లు రాత్రి ఎక్కడ పడుకుంటాయి, తాతయ్యా?" అని మమ్మును అడిగెను. మాకు తెలియదు గనుక తండ్రివైపు చూపించితిమి. అతడు ఇంజనీరు. కారులో పోవుచు చెప్పెను. జలపాతమునకు ఎగువను తీసికొన్న నీటిని భూమిక్రింద సొరంగముల గుండ క్రిందనున్న లూయిస్టనుకు పోనిచ్చెదరు. అక్కడ రాత్రివేళ పంపులతో సుమారు 1,900 ఎకరముల జలాశయములోనికి ఎక్కించి నిలువచేయుదురు. పగలు జలపాతమునకు నీరు విడువవలెను గనుక, ఆ పగటికొరతను రాత్రి దాచిన నీటితో తీర్చుకొందురు. "అయితే అక్కడ పడుకుంటాయన్న మాట" అని పిల్ల తృప్తిపడి నిద్రపోయెను. ఆ నీళ్లు పరుండు పడక ఎవరిదో మరుసటి దినమున తెలిసికొని, మేము మాత్రము నిద్ర పోగొట్టుకొంటిమి.

ఆ జలాశయములో సుమారు 550 ఎకరములు టస్కరోరా అను ఆదిమజాతివారి భూమి. ఆ పేరు చెవిని పడగానే తెలుగువానికి తస్కరుడు అను మాట తోచును. అయితే ఇక్కడ సొత్తు పోగొట్టుకొన్నది వారే. జనుమువంటి నారను సేకరించువారని వారి పేరుకు అర్థము చెప్పుదురు. వారు పూర్వము దక్షిణమున ఉత్తర కెరొలైనా ప్రాంతమున నివసించి, పదునెనిమిదవ శతాబ్దారంభపు యుద్ధములలో చితికిపోయి, ఉత్తరమునకు నడచివచ్చి నయాగరా సమీపమున స్థిరపడిరి. పందొమ్మిదవ శతాబ్దమునుండి వారిలో బాప్తిస్టు సంఘము కూడ ఉన్నది. ఆ దినములలో వారి స్త్రీలు పూసలతో అల్లిన వస్తువులను జలపాతమునొద్ద యాత్రికులకు అమ్ముచుండిరి. ఆ కాలపు యాత్రికుడు కంచె కన్నమునకు కాసు చెల్లించినను, కనీసము వారి ముఖములను చూచెను. మేము ఉచితముగా చూచితిమి గాని ఆ ముఖములను చూడలేదు.

1956లో జలపాతము దిగువనున్న పాత విద్యుత్కేంద్రముమీద కొండచరియ విరిగిపడి, దానిలో ఎక్కువ భాగము నాశనమాయెను. కరెంటుకు కరవు వచ్చెను. ఫ్యాక్టరీలలో పని పోవుననెడి భయము నిజమైనదే. మరుసటి సంవత్సరము కాంగ్రెసు క్రొత్త కేంద్రమునకు అనుమతినిచ్చెను. జలాశయము కొరకు టస్కరోరావారి భూమిలో 1,383 ఎకరములు కావలెనని రాష్ట్ర విద్యుత్సంస్థ అడిగెను. అది వారికున్న దానిలో అయిదవ వంతుకంటె ఎక్కువ. డబ్బు ఇచ్చెదమనిరి. వారు అమ్మము అనిరి. 1958లో సర్వేయర్లు పోలీసులతో వచ్చినప్పుడు స్త్రీలును పిల్లలును బండ్లకు అడ్డముగా నిలిచిరి. వ్యాజ్యము సుప్రీం కోర్టుదాక పోయి, 1960 మార్చి 7న వారికి విరోధముగా తీర్పాయెను. తుదకు 550 ఎకరములు నీట మునిగెను. 1961లో కరెంటు పుట్టెను.

ఆ తీర్పులోని ఒక సంగతి మా మనస్సులో ముల్లువలె నాటుకొన్నది. ప్రభుత్వము ఆదిమజాతులకొరకు తన యాజమాన్యమున ఉంచిన భూములకు ఆ చట్టములో కొంత కాపుదల కలదు. టస్కరోరావారికి ఆ కాపుదల లేదనిరి. ఏల? ఆ భూమి ప్రభుత్వము పెట్టిన భిక్ష కాదు. దక్షిణమున తాము విడిచివచ్చిన భూముల డబ్బుతో పందొమ్మిదవ శతాబ్దారంభమున వారు కొనుక్కొన్న భూమి. కొన్నది గనుక పోయెను, ఇచ్చినదైతే నిలిచియుండెడిది! న్యాయాధిపతి బ్లాకు, ప్రధాన న్యాయాధిపతి వారెను, డగ్లసు అనువారు ముగ్గురు ఆ తీర్పుకు సమ్మతింపలేదు. బ్లాకు వ్రాసిన అసమ్మతిలో మనుష్యుడైనను జాతియైనను ఇచ్చిన మాట నిలుపుకొనవలెననెడి భావము కలదు. అయితే అసమ్మతి నీటిని ఆపదు.

నాబోతు కథను (1 రాజులు 21) మనము చిన్నప్పటినుండి సండేస్కూలులో వినుచున్నాము. అందులో యెజెబెలును, అబద్ధసాక్షులును, రాళ్లును, కుక్కలును మనకు జ్ఞాపకముండును. మొదటి రెండు మూడు వచనములను త్వరగా దాటిపోదుము. అహాబు మొదట దొంగగా రాలేదు, బేరగాడుగా వచ్చెను. దానికంటె మంచి ద్రాక్షతోట నిచ్చెదననెను, లేనియెడల వెల చెల్లించెదననెను. నేటి లెక్కచొప్పున అది అన్యాయమైన బేరము కాదు. నాబోతు మాత్రము, ఇది నా పితరుల స్వాస్థ్యము, అమ్ముటకు నాది కాదు అని చెప్పెను. వెల ఎంతయైనను ఇచ్చుటకు సిద్ధపడినవానికి, వెలకు రాని వస్తువొకటి ఎదురైనప్పుడు ఏమి చేయుననుటే ఆ అధ్యాయములోని ప్రశ్న.

ఈ మాటలు మేనల్లునితో అన్నప్పుడు అతడు కోపపడలేదు, నవ్వనూ లేదు. "మామయ్యా, ఆ కేంద్రంవల్ల లక్షల ఇళ్లలో దీపాలు వెలిగాయి. ఎంతమందికి పని దొరికింది! అన్ని ఇళ్లముందు 550 ఎకరాలు ఎంత?" అనెను. అది త్రోసివేయదగిన మాట కాదు. ఆనకట్ట లేనిదే అన్నము లేని ఊళ్లను మేమెరుగుదుము. కరెంటు లేని ఆసుపత్రిలో దీపపు వెలుగున కాన్పు జరుగుట మా తరమువారు చూచియున్నారు. అయితే, ఒకడు నశించుట జనమంతటికి మేలు అను లెక్క సువార్తలో ఎవరి నోట వచ్చినది? కయప నోట (యోహాను 11:50). ఆ లెక్కలో కూడిక తప్పలేదు. ఒకటికంటె వేయి ఎక్కువే. తప్పు ఎక్కడనగా, ఆ ఒకటి కయప తాను కాడు. ఒకడు పదిమంది నిమిత్తము తన పొలమును తానే ఇచ్చుట ఒకటి. పదిమందియు కూడి వాని పొలమును ఇచ్చివేయుట మరియొకటి. బయటనుండి చూచువానికి రెండింటిలోను పొలము పోయినట్టే కనబడును, పదిమందికి మేలు కలిగినట్టే కనబడును. మొదటిదానిని త్యాగమందుము. రెండవదానికి కూడ ఆ పేరే పెట్టి, పోగొట్టుకొన్నవారిని త్యాగధనులని సభలలో పొగడుట మనకు అలవాటాయెను. వారు మాత్రము ఆ బిరుదును అడుగలేదు.

దావీదు సంగతి కూడ మాకు తోచెను. బేత్లెహేము ద్వారమునొద్ద బావినీళ్లు త్రాగవలెనని అతడు ఆశపడగా, ముగ్గురు శూరులు ప్రాణమునకు తెగించి శత్రువుల దండులో చొరబడి తెచ్చిరి. అతడు వాటిని త్రాగనొల్లక యెహోవా సన్నిధిని పారబోసెను. ఆ నీళ్లు అతని కంటికి మనుష్యుల రక్తమువలె కనబడెను (2 సమూయేలు 23). దావీదుకు అది సాధ్యమాయెను, ఏలయనగా నీళ్లు ఇంకను చేతిలోనే యుండెను. మేము త్రాగి ముగించితిమి. పగలంతయు గట్టుమీద నిలిచి తృప్తిదీర చూచితిమి. మా కన్నుల కొరకే పగటి నీటిని ఒడంబడిక కాపాడుచున్నది. పగలు కాపాడుటవలన రాత్రి దాచవలసివచ్చెను. దాచుటకు స్థలము కావలసివచ్చెను. కాబట్టి మేము చూచినదానికి రుసుము లేదనుట పూర్తి నిజము కాదు. మా టిక్కెట్టును అరువది యేండ్లకు పైగా క్రితమే మరియొకరిచేత కొనిపించిరి.

అయితే చూడకపోవలసినదా? మేమట్లు తలంచము. మేము తల వంచుకొని తిరిగివచ్చినంత మాత్రమున వారికి ఒక్క సెంటు భూమి తిరిగిరాదు. సంతాపమును ఒక వస్త్రమువలె ధరించి తిరుగువారిని మేము చూచియున్నాము. ఆ వస్త్రమువలన ధరించినవారికే వెచ్చన. జక్కయ్య వేరొక త్రోవ చూపెను. ఎవనియొద్ద ఏమి తీసికొంటినో లెక్క చూచి, తిరిగి ఇయ్యగలిగినది ఇచ్చెదననెను (లూకా 19). దానికి మొదట కావలసినది, ఎవనియొద్ద తీసికొన్నదియు తెలియుట. మేలు పొందినవారు ఆ పేరు మరచినప్పుడే రెండవ ఆనకట్టకు స్థలము చూచువారి పని సులభమగును. ఎవరు నోరెత్తరో, ఎవరికొరకు ఎవరును నోరెత్తరో ఆ చోటనే పటములో గీత గీయుదురు.

ఇంతవరకు పరదేశమును గూర్చి వ్రాయుట సులభమాయెను. తిరుగు ప్రయాణములో విమానమున కూర్చున్నప్పుడు మన కాలువ జ్ఞాపకమునకు వచ్చెను.

మా పొలములకు నాగార్జునసాగరు కుడికాలువ నీరు వచ్చును. 1955 డిసెంబరు 10న ప్రధానమంత్రి నెహ్రూగారు ఆ ఆనకట్టకు పునాదిరాయి వేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు విడిచిరి. నాటినుండి మెట్టపొలములు మాగాణులాయెను. జొన్నకూడు తిన్న ఇండ్లలో వరి అన్నము వచ్చెను. ఆ నీటిక్రింద నాగార్జునకొండ లోయ యున్నది. అందులో ఇక్ష్వాకు రాజుల నాటి విజయపురి యున్నదని, మునుగకముందే 1954 మొదలు 1960 వరకు త్రవ్వకములు జరిపిరి. దొరికిన శిల్పములను, కట్టడములను కొండమీదికిని అనుపునకును జాగ్రత్తగా చేర్చిరి. ఒక్కొక్క రాతికి గురుతు వేసి తీసికొనిపోయి తిరిగి పేర్చిరి. అది మంచి పనియే. ఆ మ్యూజియమును మేము రెండుసార్లు చూచితిమి. ఆ లోయలోనే ఊళ్లు కూడ ఉండెనని, ఆ ఊళ్లలో మనుష్యులుండిరని, వారి ఇండ్ల దూలములు ఎక్కడికి పోయెనని రెండుసార్లును మాకు తోచలేదు.

మేము ప్రతి సంవత్సరము కోత పండుగనాడు ప్రసంగపీఠమునుండి కాలువ నీటిని బట్టి స్తోత్రములు చెల్లించితిమి. ముప్పది కోత పండుగలు అట్లు గడచెను. ఆ పండుగలన్నిటిలోను మూడవ వరుసలో ఒక పెద్దాయన కూర్చుండుచుండెను. తండ్రి భుజముమీద ఆ లోయను విడిచివచ్చిన పిల్లవాడు ఆయన. ఈ సంగతి మేమెరుగని దానివంటిది కాదు, ఎరిగియు తలంపనిది.

ప్రయాణమునుండి వచ్చిన వారములోనే ఆయన ఇంటికి పోతిమి. నులకమంచముమీద కూర్చుండబెట్టి మజ్జిగ ఇచ్చెను. నయాగరా సంగతి చెప్పితిమి. జలపాతమును గూర్చి చెప్పినంతసేపు మర్యాదకు తల ఊపెను. టస్కరోరావారి మాట వచ్చినప్పుడు, "ఏం పేరన్నారు అయ్యగారూ? మళ్లీ చెప్పండి" అనెను. రెండుసార్లు చెప్పించుకొని, తానును మెల్లగా పలికి చూచెను. తరువాత చాలసేపు మాటలాడలేదు. మేము క్షమాపణ అడుగవలెనని పోయితిమి; ఆయన మమ్మును అంతదాక రానీయలేదు. కలము ఉన్నదా అని అడిగెను. ఈసారి కోత పండుగకు ధాన్యపు మూటతోకూడ ఒక కాగితము బల్లమీద పెట్టెదననెను. ఆ లోయలో తన కెరుకగల ఊళ్ల పేర్లు తాను చెప్పుచుండగా వ్రాసిపెట్టుమనెను.

వ్రాసితిమి. తొమ్మిది పేర్లు వచ్చినవి. ఒక్కొక్క పేరుతో ఒక బావియో, ఒక చింతచెట్టో, మేనత్త ఇల్లో కూడ వచ్చెను, వాటిని వ్రాయవద్దనెను. పదియవ పేరు నాలుక చివరనున్నది గాని రాలేదు. దీపములు పెట్టువేళ దాక కూర్చుంటిమి. కాగితమును మడువవద్దని, అడుగున ఒక వరుస ఖాళీ విడువుమని చెప్పి, మమ్మును సాగనంపుటకు వీధిమలుపుదాక వచ్చెను.